రంగు పోయిన నీళ్లు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఎవరైనా కుళాయి కట్టకుండా వదిలేస్తే మరీ తొందరగా వస్తుంది. మాది అనంతపురం వైపు పల్లె. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, కూరగాయలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయేవి. ముఖం కడుక్కున్న నీళ్లు కూడా ఏదో ఒక పాదులోకే చేరాలి. యూనివర్సిటీలో పరిశోధనకు చేరిన మొదటి వారంలోనే, కుళాయి ధారగా వదిలేసి గాజు సామాను కడుగుతున్న ఒక సీనియర్‌తో గొడవ పెట్టుకున్నాను. ఆయన రెండేళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు చెప్పబోయే తప్పు నా ఈ బుద్ధి వల్లే జరిగింది కాబట్టి దీన్ని ముందే ఒప్పుకుంటున్నాను.

నా పరిశోధన జామాకులతో. తార్నాకలో నేనుండే హాస్టల్లో అమ్మాయిలు దీని మీద చాలా జోకులు వేశారు. జామాకులను కషాయంలా కాచి వడగట్టి, అందులో ఇనుప లవణం కలిపిన నీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తే, చూస్తుండగానే అది సిరాలా నల్లబడుతుంది. ఆ నలుపులో ఉండేవి ఇనుప నానో కణాలు. కంటికి ఆనవు. మామూలుగా వాటిని తయారు చేయాలంటే ఘాటైన రసాయనాలు కావాలి, ఇక్కడ ఆ పని ఆకు చేసి పెడుతుంది. వాటిని వడగట్టి ఆరబెడితే నల్లటి పొడి మిగులుతుంది. రంగునీళ్లలో ఆ పొడి చిటికెడు వేసి, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే రంగు విరిగిపోతుంది. బట్టల రంగులతో పాడైన నీళ్లను ఇలా బాగు చేయవచ్చని మా గైడ్ సార్ నమ్మకం. నాది ఇంకా పెద్ద నమ్మకం.

ఆకులు తెచ్చేది అక్క. అక్క మా ల్యాబ్‌లో అటెండర్. యాభై దాటిన మనిషి. నేను చేరేనాటికే ఆ ల్యాబ్‌లో ఏ సీసా ఎక్కడుందో సార్ కంటే ఆమెకే బాగా తెలుసు. డిపార్ట్‌మెంట్ వెనక, సైకిల్ స్టాండ్ పక్కన ఉన్న జామచెట్టు దగ్గరికి వెళ్లి, ముందు మొదలు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం నిలబడి, ఆ తర్వాతే ఆకు తెంపేది. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం తెంపదు. ఒకసారి సాయంత్రం అర్జంటుగా కావాలని నేను గొణిగితే, "చెట్టు పండుకుంటది బిడ్డా. పండుకున్నదాన్ని గిల్లుతమా?" అంది. మా అందరినీ గడగడలాడించే సార్ కూడా ఈ విషయంలో నోరెత్తేవారు కాదు. నా ప్రయోగాల టైం టేబుల్ ఆ చెట్టు నిద్రను బట్టి నడిచేది.

ఒకరోజు నీలం రంగు నీళ్ల మీద పరీక్ష చేస్తున్నాను. అక్క చీపురు పట్టుకుని వెనకే నిలబడి చూస్తోంది. నీలం పలచబడి, పలచబడి, అరగంటలో గాజు ఫ్లాస్కు అవతల నా వేళ్లు కనిపించేంత తేటగా అయ్యాయి నీళ్లు. ఆమె ఇదంతా వందసార్లు చూసి ఉంటుంది. ఆరోజు మాత్రం కదల్లేదు.

"గిది మా ఇంటాయన నీళ్లకు పనిజేస్తదా బిడ్డా?" అని అడిగింది.

అప్పుడే నాకు ఆమె ఇంటి సంగతి తెలిసింది. వాళ్లది మెట్టుగూడ. ఇంటి పక్కనే రేకుల షెడ్డులో అక్క భర్త బట్టలకు రంగులు అద్దుతాడు. నల్లకుంటలోని చీరల షాపుల వాళ్లు దుపట్టాలు, బ్లౌజు లైనింగులు పంపి మ్యాచింగ్ రంగులు వేయించుకుంటారు. రంగు వేశాక మిగిలిన నీళ్లు ముందరి కాలువలో పోస్తారు. అదే కాలువ వాలులో కింది ఇంటావిడ ఫిర్యాదు చేసింది. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి నెల గడువిచ్చారు. ఆలోపు ఫిర్యాదు చేసిన మనిషే ఇబ్బంది తీరిందని రాసి సంతకం పెడితే సరే, లేకపోతే షెడ్డుకు తాళం.

"తాళమేస్తే ఆయన ఇంట్ల కూసోవాలె. ఉత్తగ కూసుంటే ఆయన బతకడు బిడ్డా," అంది అక్క. ఏడవలేదు. చీపురు పుల్లలను నేలకు కొట్టి సమం చేస్తూ చెప్పింది.

"ఎందుకు పనిచేయదక్కా? బ్రహ్మాండంగా పనిచేస్తుంది," అన్నాను.

సార్‌తో చెబితే ఆయన కళ్లజోడు తీసి, "ల్యాబ్‌లో నీళ్లు మనం కలుపుకున్నవి. బయటి నీళ్లలో ఏముందో మనకు తెలియదు. తొందరపడి మాటివ్వకు," అన్నారు. అప్పటికే ఇచ్చేశానని చెప్పలేదు.

తార్నాకలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే మెట్టుగూడ. సెక్యూరిటీ దగ్గర నా బ్యాగులో నల్లపొడి డబ్బా చూసి ఆపేశారు. ఏం పొడి అన్నారు. జామాకు పొడి అన్నాను. "షుగర్‌కా?" అని అడిగిందా అమ్మాయి. అవునన్నాను. వాళ్లమ్మకు కూడా కావాలంటుందేమోనని భయపడి గబగబా ప్లాట్‌ఫామ్ ఎక్కేశాను.

షెడ్డులో గ్యాస్ పొయ్యి మీద పెద్ద అల్యూమినియం గిన్నె మరుగుతోంది. అక్క భర్తను అన్నా అని పిలిచాను. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గోళ్లలో మెరూన్ రంగు శాశ్వతంగా ఉండిపోయింది. మరుగుతున్న నీళ్లలో రెండు గుప్పెళ్ల రాళ్ల ఉప్పు వేసి, కర్రతో తిప్పి, గరిటెతో కొంచెం తీసి చల్లార్చి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంకో అర గుప్పెడు వేశాడు. ఆ తర్వాతే రంగు, చివర్లో ఒక చెంచా చాకలిసోడా కలిపాడు.

"ఏందన్నా, పప్పుచారు కాస్తున్నట్టు రుచి చూస్తున్నావు?" అన్నాను.

"ఉప్పు సరింగ లేకుంటే రంగు బట్టకు పట్టదమ్మా. నీళ్లల్లనే ఉంటది," అన్నాడు నవ్వకుండా.

భలేగా ఉందే అనుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. ఉప్పు రెండున్నర గుప్పెళ్లు, సోడా ఒక చెంచా. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆరోజు నా పొడి పరువు తీసింది. గంటైనా మెరూన్ నీళ్లు మెరూన్‌గానే ఉన్నాయి. కారణం తర్వాత తెలిసింది. నా పొడి పనిచేయాలంటే నీళ్లు కాస్త పుల్లగా ఉండాలి, సోడా ఆ పులుపును చంపేస్తుంది. ఈ మాట చెబితే అక్క, "పులుపే గదా, చింతపండు పిసకాల్నా?" అని లోపలికి వెళ్లబోయింది. వద్దని ఆపి, తర్వాతి ఆదివారం ల్యాబ్ నుంచి ఆమ్లం తెచ్చుకున్నాను.

ఈసారి మెరూన్ నీళ్లు ఇటుక రంగుకు, అక్కడి నుంచి టీ రంగుకు దిగాయి. ముగ్గురం బకెట్ చుట్టూ పీటలు వేసుకుని కూర్చున్నాం. అక్క పాత నూలుచీర ముక్కను నాలుగు మడతలు వేసి వడగట్టింది. తుప్పు రంగు మడ్డి బట్ట మీద నిలిచిపోయింది. కింద బకెట్లో నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగు కనిపిస్తోంది. మా ఊర్లో మంచినీళ్లకు పరీక్ష అదే. బిందెలో అడుగు కనిపిస్తే మంచినీళ్లు, కనిపించకపోతే బర్రెకు. ఐదేళ్ల పరిశోధన తర్వాత కూడా నా లోపల పనిచేసేది ఆ పరీక్షేనని అప్పుడు నాకు తెలియదు.

అక్క పరుగున వెళ్లి కింది ఇంటావిడను పిలుచుకొచ్చింది. ఆవిడ పరమ గయ్యాళి అని నేను ముందే అనుకుని కూర్చున్నాను. వచ్చింది సన్నగా, తెల్లటి నేతచీరలో, డెబ్బై ఏళ్ల ఆంటీ. భర్త రైల్వేలో గార్డుగా చేసి, పోయి చాలా కాలమైంది. ఆవిడ గేటు ముందు నుంచే ఆ కాలువ పోతుంది. "చర్చికి పోయేటప్పుడు దినాం కుచ్చిళ్లు ఎత్తుకోని దాటాలె. చెప్పిచెప్పి యాష్టకొచ్చింది," అంది నాతో. నిజమే కదా అనిపించింది. బకెట్లో చెయ్యి ముంచి, పైకి తీసి, అరచెయ్యి తిప్పితిప్పి చూసుకుంది.

"మంచి పని చేసినవ్. వచ్చే ఆదివారం చర్చినుంచి వచ్చినంక కాయితం తెండి, సంతకం పెడ్త," అంది.

అక్క చేతులు జోడించింది. అన్న పొయ్యి వైపు తిరిగి, మండుతున్న మంటనే మళ్లీ సరిచేశాడు. సంతోషంలో అక్క బకెట్ ఎత్తి కాలువలో కుమ్మరించబోయింది.

"అయ్యో, పారబోస్తావేందక్కా!" అని అరిచాను. అప్పుడు నడిఎండాకాలం. ఆ గల్లీలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చేవి. "ఇంత తేట నీళ్లు కాలువలో పోస్తారా ఎవరైనా? చెట్లకు పోయండి."

ఆంటీ గేటు లోపల వరసగా కుండీలున్నాయి. క్రోటన్లు, తులసి లాంటి ఏదో మొక్క, గేటు పక్కన పెద్ద మట్టికుండీలో గులాబి. ఆ బకెట్ నేనే మోసుకెళ్లాను. గులాబి మొదలు దగ్గర నేనే పోశాను. "ఇది మా ఆయన తెచ్చింది. డ్యూటీ మీద పోయినప్పుడు ఏదో స్టేషన్ల కొమ్మ ఇరుసుకొచ్చిండు," అని చెప్పింది ఆంటీ. పొడి, సీసాలు అక్క దగ్గరే వదిలి, రోజూ పొద్దున ఒక బకెట్ ఇవ్వమని చెప్పి, ఇద్దరికీ రాజీ కుదిర్చిన గర్వంతో మెట్రో ఎక్కాను.

గురువారం అక్క ల్యాబ్‌కు వచ్చి, జామాకులకు బదులు కొంగుముడి విప్పి ఒక గులాబి ఆకు బల్ల మీద పెట్టింది. అంచులు చుట్టూ కాల్చినట్టు మాడిపోయి ఉన్నాయి.

"ఎండకేమో అక్కా," అన్నాను.

"క్రోటన్లు గుడ గట్లనే అయినయ్ బిడ్డా. ఎండ నిరుడు గుడ ఉండె."

ఆమె తెచ్చిన సీసాలోని నీళ్లను పరీక్షకు పెట్టాను. ఇనుము ఎక్కువ మిగిలిందేమో, ఆమ్లం ఎక్కువైందేమో చూశాను. లేదు. పెరాక్సైడ్ మిగిలిందేమో చూశాను. అదీ లేదు. చివరికి నీళ్లలో ఎంత లవణం కరిగి ఉందో చెప్పే మీటరు ముంచాను. అంకె పైకి పోయి, ఆ మీటరు చూపగలిగిన హద్దు దగ్గర ఆగిపోయింది. నోట్‌బుక్ తీశాను. నా చేత్తో నేను రాసుకున్న మాటే. ఉప్పు రెండున్నర గుప్పెళ్లు. నా పొడి రంగును విరుస్తుంది. ఉప్పు జోలికి పోదు. ఆవకాయ కలిపిన ఏ ఇల్లాలైనా చెప్పే సంగతి ఇది. ఆదివారం నుంచి నేను ఆ గులాబికి రోజుకో బకెట్ ఉప్పునీళ్లు పోయించాను.

సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. అక్కకు చెప్పాను. ఆమె స్టూలు మీద కూర్చుని ఖాళీ కొంగుకు మళ్లీ ముడి వేసింది.

"ఆదివారం సంతకం అయినంక చెప్దామా?" అంది మెల్లగా.

ఇక్కడ నేను ఒకటి దాచకుండా చెప్పాలి. వెంటనే వద్దు అనలేకపోయాను. నాక్కూడా అదే కావాలనిపించింది. సంతకం అయిపోతే షెడ్డు ఉంటుంది, అన్నకు పని ఉంటుంది. చెట్టు సంగతి ఎండ మీదికి నెట్టేయొచ్చు. నేను బల్ల మీది ఆకునే చూస్తూ ఉండిపోయాను.

అక్కే లేచింది. "వద్దు తియ్. అడిగి ఆకు తెంపెటోళ్లం. చెట్టును సంపి సంతకం అడుగుతమా?" అని, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఆదివారం ఆంటీ చర్చి నుంచి వచ్చేసరికి మేం ముగ్గురం ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉన్నాం. ఆవిడ చేతిలో బైబిల్, దాని మీద పెన్ను. అక్క చేతిలో కాగితం.

"ఆంటీ, తప్పు నాది," అన్నాను. "నీళ్లలో రంగు పోయింది కానీ ఉప్పు పోలేదు. అది నేను చూసుకోలేదు. పోయమన్నది నేనే, అక్కకేం తెలియదు."

ఆవిడ గులాబి దగ్గరికి వెళ్లింది. ఒక కొమ్మ విరిచింది. పుల్ల విరిగినట్టు టప్పుమంది. లోపల పచ్చదనం లేదు. ఇంకో కొమ్మ విరిచింది. అదీ అంతే.

"గిన్నేండ్లు ఎర్రనీళ్లు ముందర్నుంచి పోయినా ఇది బతికింది," అంది మెల్లగా. "ఎర్రగున్నయని నేను పొయ్యలే. తెల్లగున్నయని పోసిన."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది. ఎరుపు ఆవిడను ఇన్నేళ్లు హెచ్చరించింది, ఆ హెచ్చరికను నేను తుడిచేశాను. ఆవిడ సంతకం పెట్టలేదు. గేటు వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

షెడ్డులోకి వచ్చి కూర్చున్నాం. పొద్దున వడగట్టిన తేట నీళ్లు ఇంకో బకెట్లో ఉన్నాయి. అన్న దాని ముందు గొంతుక్కూర్చుని వేలు ముంచాడు. నేను వద్దని అరిచేలోపే నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు గట్లనే ఉన్నది," అన్నాడు.

"అదే కదన్నా మా ఏడుపు."

"ఏడుసుడెందుకమ్మా? రేపు ఇంకో బట్టకు మళ్ల గింతే ఉప్పు పోస్త. గీ నీళ్లల్ల ఆల్రెడీ ఉన్నది గదా. గివ్వే పొయ్యి మీద పెడ్త. కాల్వల పోసుడెందుకు, చెట్లకు పోసుడెందుకు?"

నేను నోరు తెరుచుకుని చూశాను. నీళ్లను శుభ్రం చేసి ఎటు పంపాలా అని నేను ఐదేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఎటూ పంపకుండా ఉండొచ్చన్నది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నీటి చుక్కను పోనివ్వని ఇంట్లో పుట్టినదాన్ని, నాకే తట్టలేదు.

మర్నాడు నేవీ బ్లూ దుపట్టా ఆ నీళ్లలో వేశాడు. బాగా పట్టింది. లేత పసుపు వేస్తే మాత్రం మురికిపట్టినట్టు దిగింది. నా ఇనుము కాస్త నీళ్లలో మిగిలే ఉంటుంది, అది లేత రంగులను చంపుతుంది. సారీ అన్నాను. అన్న ఆ దుపట్టాను వెలుగులో పెట్టి చూసి, "నలుపు, మెరూన్, నేవీకి గీ నీళ్లు. పసుపు, గులాబీకి వేరే గిన్నె," అని తేల్చేశాడు. బట్టలు జాడించిన నీళ్లను కూడా రంగు విరిచి తర్వాతి గిన్నెలో కలుపుకున్నాడు. చివరి జాడింపు నీళ్లు కొన్ని ఇప్పటికీ కాలువలోకి పోతాయి. అవి పోవడం లేదని నేను ఎక్కడా రాయను.

ఆ పన్నెండు రోజులూ ఆంటీ ఎవరితోనూ మాట్లాడలేదట. పొద్దున, సాయంత్రం గేటు దగ్గర నిలబడి కాలువ చూసి వెళ్లేదట. ఆఖరి రోజు నేను షెడ్డులో ఉండగా ఆవిడే పెన్ను పట్టుకుని వచ్చింది.

"కాల్వ చూస్తున్న. ఎండింది. మొన్న చెప్పులేస్కోని దాని మీదికెల్లే నడిసిన," అంది. కాగితం అందుకుని, గిన్నె మూత మీద పెట్టుకుని, పేరంతా పూర్తిగా రాసి సంతకం చేసింది. అన్న ఆ కాగితాన్ని రంగు చేతులతో ముట్టుకోలేక, రెండు మోచేతుల మధ్య పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. అక్క గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆంటీ నా వైపు తిరిగింది. "సంతకం వాళ్లకు. నీకు ఇంకోటున్నది, రా."

గేటు పక్కన గులాబి మొద్దుతో ఆ మట్టికుండీ అలాగే ఉంది. "తీస్కపో. మట్టి మార్సు. ఏం పెడ్తవో పెట్టు. మంచిగ బతికినంకనే తీస్కరా," అంది. ఆ బరువైన కుండీని ఒడిలో పెట్టుకుని ఆటోలో యూనివర్సిటీకి వచ్చాను. దారంతా డ్రైవరు అద్దంలో నన్నే చూశాడు.

ఉప్పు గురించి థీసిస్‌లో ఆఖరున ఒక పేరా రాస్తే సార్ చదివి, "ఇది చివర్లో ఉండాల్సింది కాదు, మొదటికి తీసుకురా," అన్నారు. తెచ్చాను. కుండీని మూడు రోజులు నానబెట్టి కడిగి, కొత్త మట్టి పోసి, జామచెట్టు నీడలో పెట్టాను. మొదట నాటిన రెండు గులాబి కొమ్మలు ఎండిపోయాయి. మూడోది నాటేటప్పుడు అక్క నా చెయ్యి తీసి కొమ్మ మీద పెట్టించి, ఒక్క క్షణం ఆపింది. అది నిలిచింది. ఇంకా పువ్వు రాలేదు కాబట్టి ఇంకా తీసుకెళ్లలేదు. రోజూ పొద్దున మగ్గు పట్టుకుని దాని దగ్గరికి వెళ్తాను. మగ్గులో అడుగు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా పోసే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాను.